మినీ బైపాస్ మీద మ్యాచ్ చూపించే హోటలు: పులుసు పోయింది, పసుపు లైట్లు వచ్చాయి

ముందే చెప్తున్నా, హోటలు పేరు రాయను. ఓనరన్న రోజూ ఎదురుపడే మనిషి, మా ఇంట్లో పాలు పోసే అబ్బాయే వాళ్లకీ పోస్తాడు, గొడవెందుకు. నెల్లూరు మినీ బైపాస్ మీద, కింద ఏసీ హాలు, పైన డాబా మీద రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ప్రొజెక్టరు పెట్టి ఐపీఎల్ చూపిస్తారు. ఇంత చెబితే ఊళ్లోవాళ్లకు చాలు. 2023 నుంచి మూడు సీజన్లు, లెక్కేసుకుంటే పాతిక మ్యాచ్‌లకు పైనే అక్కడ కూర్చుని చూశా. వాళ్లకు పోసిన డబ్బుతో ఇంట్లోకి మంచి టీవీ వచ్చేది, ఆ మాట మా ఆవిడ వారానికోసారి గుర్తు చేస్తుంది. ఐదుకి రెండున్నర ఇస్తున్నా. ఆ అర కూడా పక్కనున్న టీ బంకు పుణ్యం.

డబ్బు సంగతి ముందు. మామూలు మ్యాచ్‌కి మనిషికి 200 తీసుకుంటారు, అందులో 150 తిండి బిల్లులో తగ్గిస్తారు, బాగానే ఉంది. పెద్ద మ్యాచ్ అయితే 300, అందులో రూపాయి కూడా తగ్గించరు. ఏది పెద్ద మ్యాచో ఎక్కడా రాసిపెట్టరు, బిల్లు చేతికొచ్చాక చెప్తారు. నేను గమనించినంతలో చెన్నై ఆడితే అది పెద్ద మ్యాచు. ఆదివారం మూడున్నర మ్యాచ్‌కి మాత్రం ఎవరూ వెళ్లొద్దు, రేకుల సందుల్లోంచి ఎండ తెర మీద పడి ఫీల్డర్లే కనబడరు, ఇక బాల్ సంగతి దేవుడెరుగు. ఫ్యాన్లు నాలుగు, తిరిగేవి మూడు, మే నెల నెల్లూరు ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అసలు జబ్బు ఇంకోటి. ఫోన్ యాప్‌లో మ్యాచ్ పెట్టి వైఫై మీద చూపిస్తారు, అది కేబుల్ కన్నా దగ్గరదగ్గర అర నిమిషం వెనక నడుస్తుంది. గోడ అవతలే టీ బంకు, అందులో డబ్బాలాంటి పాత టీవీ, కేబుల్ కనెక్షన్. మా తెర మీద బౌలర్ ఇంకా చెయ్యి తుడుచుకుంటూ వెనక్కి నడుస్తుంటాడు, అవతల బంకులో ఒక్కసారిగా "ఓఓఓ" అని అరుపు. ఏదో అయింది. ఏమైందో తెలీదు. సిక్సా, వికెట్టా, క్యాచ్ వదిలేశారా? బంకులో ఆరెంజ్ వాళ్లు, అంటే మా హైదరాబాద్ సన్‌రైజర్స్ వాళ్లూ ఉంటారు, పసుపు వాళ్లు, అంటే చెన్నై వాళ్లూ ఉంటారు, అందుకని ఆ అరుపు సంతోషమో ఏడుపో కూడా పోల్చుకోలేం. 300 ఇచ్చి కూర్చున్నవాడికి అర నిమిషం టెన్షన్, పన్నెండు రూపాయల టీ తాగేవాడికి లైవు. ఓనరన్నతో మూడుసార్లు చెప్పా, "అన్నా, ఒక డీటీహెచ్ డబ్బా పెట్టించన్నా" అని. "చూద్దాం సామీ" అంటాడు. మూడు సీజన్ల నుంచీ చూస్తానే ఉన్నాడు.

ఇక తిండి. ఇక్కడ నాకు కడుపు మండిపోయే విషయం ఉంది. నేను 2023లో మొదటిసారి వెళ్లింది మ్యాచ్ కోసం కాదు, పులుసు కోసం. అప్పట్లో అక్కడ ఒక మాస్టర్ ఉండేవాడు, వయసు యాభై దాటిన మనిషి, ముందురోజు రాత్రి పెట్టిన చేపల పులుసు మర్నాడే వడ్డించేవాడు. మామిడికాయ ముక్కలు మెత్తబడి, చింతపండు పులుపు ముక్కలోకి దిగి, పైన ఎర్రటి నూనె ఒక పొరలా తేలుతూ ఉండేది. కొరమేను ముక్క విరిగేది కాదు, వేలితో నొక్కితే విడిపోయేది. రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు ఎట్టా ఆడినా ఆ పులుసన్నం ముందు క్షమించేసేవాణ్ణి. 2024 మొదట్లో వెళితే మాస్టర్ లేడు. జీతం రెండు వేలు పెంచమన్నాడంట, ఓనరన్న పెంచలేదంట. ఆ తర్వాత చైనీస్ మాస్టర్ని బయటి నుంచి ఎక్కువ జీతం ఇచ్చి తెచ్చారు. మెనూలో "పవర్‌ప్లే ప్లాటర్" అని ఒకటి వచ్చింది, 449 రూపాయలు, ఉల్లిగడ్డ చక్రాలు, చికెన్ ముక్కలు, ఎర్ర రంగు సాసు. రంగు చేతికి రెండు రోజులు పోదు. పాత మాస్టర్ రోడ్డు దాటి ఎదురు మెస్సులో చేరాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆ మెస్సు ముందు చూడండి, బండ్లు పెట్టుకునే చోటు దొరకదు.

ఈ మాట చెప్తుంటే మా జట్టు గురించి చెప్తున్నట్టే ఉంది నాకు. నేను సన్‌రైజర్స్ మనిషిని. చేతిలో ఉన్న మంచివాణ్ణి పంపించేసి, అతను ఎదురుగా వెళ్లి కప్పు కొడుతుంటే చప్పట్లు కొట్టడం మాకు అలవాటైపోయింది.

వార్నర్ దగ్గర్నుంచి మొదలెట్టండి. 2016లో కోహ్లీ 973 పరుగులు కొట్టిన సీజన్, ఫైనల్ బెంగళూరులో, వాళ్ల గడప మీద, అక్కడ వాళ్లని 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చిన కెప్టెన్ ఆయన. ఆ ఏడు తనొక్కడే 848 పరుగులు. అట్టాంటి మనిషిని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించేసి, తర్వాత జట్టులోంచే తీసేసి, నీళ్ల సీసాలు మోయించారు. ఆ సీజన్ 14 ఆడి 3 గెలిచాం, అడుగున మనమే. అదే ఏడు నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో టోర్నీకే మేటి ఆటగాడు ఎవరయ్యా అంటే, వార్నరే. ఫామ్ లేదంట! ఆ తర్వాత స్పిన్నర్ రషీద్ ఖాన్. వాణ్ని నిలుపుకోలేదు, గుజరాత్‌కి పోయాడు, కొత్త జట్టు, 2022లో మొదటి సీజన్‌లోనే కప్పు. 2023లో హ్యారీ బ్రూక్‌కి 13 కోట్ల 25 లక్షలు పోశారు. ఈడెన్‌లో ఒక సెంచరీ కొట్టాడు, కాదనను, మిగతా సీజనంతా ఆ సెంచరీ తల్చుకుంటూ గడిపాం. మళ్లీ అడుగునే. అదే నా మొదటి సీజన్ ఈ హోటల్లో, పులుసు మాస్టర్ ఉన్నాడు కాబట్టి బతికిపోయా.

సిరాజ్ సంగతి అయితే తల్చుకుంటే నిద్ర పట్టదు. హైదరాబాద్ పిల్లోడు, 2017 వేలంలో 2 కోట్ల 60 లక్షలు పెట్టి మనమే కొన్నాం, మర్నాటి ఏడుకే వదిలేశాం. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ చొక్కాలో ఉప్పల్‌కి వచ్చి 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసుకుపోయాడు, వాడి సొంతూళ్లో, మన మీద. ఆ రోజు డాబా మీద ఒకాయన లేచి, "వాడికి చప్పట్లు కొట్టాలా, తిట్టాలా చెప్పండి సామీ" అని అందర్నీ అడిగాడు. ఎవరికీ జవాబు దొరకలేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, 2024 ఉందే, ఆ సీజన్ కోసం ఇన్నేళ్ల ఏడుపూ భరించొచ్చు అనిపించింది. కమిన్స్‌కి ఇరవైన్నర కోట్లు అన్నప్పుడు నేనూ తిట్టినవాణ్నే. తర్వాత ముంబై మీద 277, బెంగళూరు మీద 287, ఢిల్లీలో ఆరు ఓవర్లకే వికెట్ పోకుండా 125. ఆ ఢిల్లీ మ్యాచ్ రోజు అరుపుకీ అరుపుకీ సందు లేక, బంకు అరుపులు ఏ బాల్‌వో లెక్క తప్పిపోయాం, అదొక్క రోజే ఆలస్యం మాకు అడ్డు రాలేదు. అంతా బాగుంది, ఫైనల్ వచ్చింది, చెన్నై చెపాక్‌లో కోల్‌కతాతో. టాస్ గెలిచి బ్యాటింగ్ అన్నారు. నేను అప్పుడే బిర్యానీ చెప్పా. మొదటి ఓవర్లోనే స్టార్క్ బాల్‌కి అభిషేక్ స్టంప్ ఎగిరింది, తర్వాత హెడ్ మొదటి బాల్‌కే, చూస్తుండగానే 113 ఆలౌట్, అందులో ఎక్కువ కొట్టింది కెప్టెన్ కమిన్స్, అదీ 24. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంత తక్కువ స్కోరు ఎవరూ చేయలేదు. వాళ్లు పదిన్నర ఓవర్లలో కొట్టిపారేశారు. నా బిర్యానీ ఎప్పుడొచ్చిందనుకున్నారు? వాళ్లు గెలుపు పరుగు తీస్తుంటే. సర్వర్ కుర్రాడు ప్లేటు పెట్టి నా మొహం చూసి, "పార్శిల్ కట్టేదా అన్నా" అన్నాడు. పాపం, మంచి పిల్లోడు, వాడికి నేను విడిగా ఐదుకి ఐదిస్తా.

ఇప్పుడు పసుపు గోల. బయటివాళ్లకి ఇది అర్థం కాదు. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, హైదరాబాద్ దానికి రెండింతలకు పైన. ఒంట్లో బాగలేకపోయినా, పెళ్లి చీరలు కొనాలన్నా, విమానం ఎక్కాలన్నా మనకి ముందు గుర్తొచ్చేది మద్రాసే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండె. అందుకని ఊళ్లో సగం మందికి ధోనీ ఇంటి మనిషి. ఓనరన్న ఆ సగంలో ఉన్నాడు, ఉండనీ, ఆయన ఇష్టం. కానీ 2025లో షెడ్డు చుట్టూ పసుపు సీరియల్ లైట్లు కట్టించాడు, సర్వర్లకి పసుపు టీషర్టులు. చెన్నై ఫోర్ కొడితే సౌండు పెరుగుతుంది, మనవాళ్లు సిక్సు కొడితే రిమోట్ మీద ఆయన బొటనవేలు కిందికి పోతుంది. నేను కళ్లారా చూశా, కౌంటర్ దగ్గర నిలబడి, ఎంత నెమ్మదిగా నొక్కుతాడో! అడిగితే "పక్కింటి వాళ్లు కంప్లైంట్ చేస్తారబ్బా" అంటాడు. పక్కింటి వాళ్లకి ఆరెంజ్ సిక్సులే వినబడతాయి కాబోలు.

దీనికి తోడు మా బావమరిది. చెన్నైలో ఉద్యోగం, మనిషి నిలువెల్లా పసుపు. వాడి దగ్గరున్న అసలు ఆయుధం ఒకటుంది, "బావా, మీ టీమ్ ఓనర్లు కూడా మద్రాసు వాళ్లే కదా" అంటాడు. నిజమే, సన్ టీవీ వాళ్ల జట్టు మనది, ఏం చెప్పాలి దానికి. ఇంకా నోరు తెరిస్తే 2018 తెస్తాడు. ఆ ఏడు చెన్నైతో నాలుగుసార్లు ఆడి నాలుగుసార్లూ ఓడాం, అందులో ఒకదాన్లో గుంటూరు రాయుడే మన మీద సెంచరీ కొట్టాడు, ఫైనల్లో వాట్సన్ మొదటి పది బాల్స్‌కి ఒక్క పరుగు తీయలేదు. మేమంతా ఇంట్లో లడ్డూ డబ్బా తెరిచాం, చివరికి చూస్తే మొత్తం 57 బాల్స్‌లో 117 నాటౌట్. లడ్డూలు బావమరిది తిన్నాడు.

బెంగళూరు వాళ్లని అయినా ఏడిపించుకుని బతికేవాళ్లం, "2016" అని ఒక్క అంకె చెబితే చాలు, ఎదుటివాడు గమ్మునుండేవాడు. 2025 జూన్ 3న అదీ పోయింది. వాళ్లకి కప్పొచ్చింది, ఆ కప్పు ఎత్తినవాళ్లలో మన భువనేశ్వర్ కుమార్ ఉన్నాడు, పదకొండేళ్లు మనకి ఆడినవాడు, మెగా వేలంలో వదిలేస్తే వాళ్లు 10 కోట్ల 75 లక్షలకి ఎగరేసుకుపోయారు. ఆ రాత్రి డాబా మీద కాలేజీ పిల్లలు కన్నడ నినాదాలు చేస్తూ ఎగురుతుంటే, భువీని చూసి సంతోషపడాలో ఏంటో తెలీక ప్లాటర్‌లో మిగిలిన ఉల్లిగడ్డ చక్రాలు తింటూ కూర్చున్నా.

మొహర్రానికి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది కదా, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. కప్పు రొట్టె కూడా ఉంటే బాగుండు అని మా స్నేహితుడితో అన్నా. వాడు నవ్వి, "రొట్టె ఇచ్చేది కోరిక తీరినవాడు కదరా, అయిదు కప్పుల చెన్నైవోళ్ల దగ్గర చెయ్యి చాపాల నువ్వు" అన్నాడు. ఆ మాటతో ఆ ఆశ కూడా వదిలేశా.

ఇంత తిట్టీ ఎందుకు పోతావు అక్కడికి అని మా ఆవిడ అడుగుతుంది. 2025 ఏప్రిల్ 25 కోసం పోయానని చెప్తా. చెపాక్‌లో చెన్నైతో మ్యాచ్. అప్పటిదాకా చెపాక్‌లో చెన్నైని మనం ఒక్కసారి కూడా ఓడించలేదు, ఒక్కసారి. శుక్రవారం, బావమరిదికి చెపాక్ టికెట్ దొరక్క, సెలవు పెట్టి మధ్యాహ్నానికే నెల్లూరొచ్చి కూర్చున్నాడు. పెద్ద మ్యాచు, మనిషికి 300, టేబుల్‌కి అడ్వాన్స్ వేరే. మా ఇద్దరికీ గోడ పక్క టేబులు ఇచ్చారు, అంటే బంకు అరుపులు చెవిలో పడే టేబులు.

మన బౌలర్ షమీ బాల్ పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు మా తెర మీద. గోడ అవతల అరుపు. బావమరిది నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశా, ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ముప్పై లెక్కపెట్టేలోపు తెర మీద మొదటి బాల్‌కే క్యాచ్, స్లిప్‌లో అభిషేక్. పోయింది చెన్నై ఓపెనర్ షేక్ రషీద్, మళ్లీ గుంటూరు పిల్లోడే, సంతోషంలో కూడా ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. తర్వాత బ్రెవిస్ అనే కుర్రాడు బాదుతుంటే ఓనరన్న సౌండు ఆకాశానికి పెంచాడు. మళ్లీ బంకులో అరుపు. ఈసారి మా తెర మీద బ్రెవిస్ గట్టిగా కొట్టాడు, ఫోరే అనుకున్నాం, మన కమిందు మెండిస్ గాల్లోకి దూకి పట్టేశాడు. సౌండు ఎప్పుడు తగ్గిందో కూడా తెలీదు. ధోనీ 6 కొట్టి వెళ్లిపోయాడు, అది ఆయనకి 400వ టీ20 అంట, షెడ్డు మొత్తం చప్పుడు లేదు, చెంచాల శబ్దం వినబడుతోంది. 154 ఆలౌట్, మన హర్షల్‌కి నాలుగు వికెట్లు.

155 కొట్టడానికి మనవాళ్లు పెట్టిన కష్టం చెప్తే ఇంకో రివ్యూ అవుతుంది. అభిషేక్ సున్నా, క్లాసెన్ ఏడు. రెండు రోజుల ముందే ముంబై మీద బ్యాటుకి బాల్ తగలకపోయినా నడుచుకుంటూ వెళ్లిపోయిన ఇషాన్ కిషన్, ఆ రోజు 44 కొట్టి పుణ్యం కట్టుకున్నాడు. ఆఖర్లో ఆ మెండిస్, మన విశాఖ నితీశ్ రెడ్డి, ఇద్దరూ తొందరపడకుండా ముగించారు, ఇంకా ఎనిమిది బాల్స్ ఉండగానే. చివరి పరుగు మా తెర మీద రాకముందే బంకులో ఈలలు. ఆ అర నిమిషం మాత్రం బాగుంది అబ్బా, గెలిచామని నాకు తెలుసు, బావమరిదికీ తెలుసు, తెర మీద మాత్రం ఇంకా గెలవలేదు. వాడు ప్లేటులో చెయ్యి కడుక్కుంటున్నాడు.

ప్రైజులు ఇచ్చేలోపు ఓనరన్న ప్రొజెక్టర్ ఆపేశాడు, "కరెంటు బిల్లు సామీ" అన్నాడు. మెట్లు దిగి బంకుకి పోయాం. హర్షల్‌కి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ ఇవ్వడం అక్కడే చూశా, ఆ డబ్బా టీవీలో, ఆటోవాళ్ల మధ్య నిలబడి. బావమరిది "ఈసారి మా వాళ్లదే అడుగు స్థానం, చూస్తుండు బావా" అన్నాడు, అట్టే అయింది కూడా.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. తినడం ఎదురు మెస్సులో మధ్యాహ్నమే కానిచ్చేయండి, పులుసు రెండుకల్లా అయిపోతుంది. డాబా మీదికి వెళ్లేట్టయితే గోడ పక్క టేబులు అడగండి. చాలామంది వద్దంటారు గానీ, వచ్చే సీజన్‌కి నేను ఇప్పుడే చెప్పి పెట్టుకున్నా.